కొత్త బాటరీ వేసినా సెల్ఫ్ ఎత్తని కారు: ఒక కేసు

ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో నా తప్పు కూడా ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు బండి బాగవ్వకుండానే "అయిపోయింది, తీసుకెళ్లు" అని పంపేశాను. నాలుగు రోజులకే మళ్లీ ఫోను. మొదటిరోజు ఏం చూడలేదో, రెండోసారి ఏం చూశానో రాసిపెడితే ఇలాంటి బండి చేతికొచ్చిన ఇంకో మెకానిక్కుకి ఒక సెల్ఫ్ (ఇంజిన్ని మొదట తిప్పే మోటారు) విప్పే పనైనా తప్పుతుంది. మనిషి పేరు, ఊరు, బండి మోడలు, అంతకు ముందు పని చేసిన షెడ్లు ఏవో రాయను.

బండి, దాని బతుకు

నా షెడ్డు శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి వైపు హైవే పక్కన. బండి వచ్చింది ఉద్దానం నుంచి. ఎనిమిదేళ్ల చిన్న పెట్రోల్ కారు. మూడు సిలిండర్లు, వాల్వులని వేళకి తెరిపించడానికి బెల్టు కాకుండా టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్, క్లచ్చుకి కేబుల్. సుమారు 70,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంటి ముందు కొబ్బరిచెట్ల కింద నిలబెడతారు, పైన రేకు కూడా లేదు. సముద్రం నడిచెళ్లేంత దూరం. తీరం పక్క బండ్లు నాకు బానెట్ ఎత్తగానే తెలిసిపోతాయి. పైన కడిగి తుడిచి తళతళలాడుతూ ఉంటాయి, లోపల బోల్టు తలలన్నీ ఎర్రబారి ఉంటాయి, రాగి కనిపించిన చోటల్లా చిలుము.

నడిపేది కొడుకు, నలభై లోపు వయసు. తండ్రికి కిడ్నీ జబ్బు, వారానికి మూడుసార్లు డయాలసిస్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ మాట విని ఎవరూ ఆశ్చర్యపోరు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరతారు, నాలుగు గంటలు మెషీన్ మీద, మధ్యాహ్నానికి ఇల్లు. అంటే ఆ బండి వెళ్లిన ప్రతిసారీ రెండు చోట్ల స్టార్ట్ అయి తీరాలి. ఇంటి దగ్గర రాత్రంతా నిలబడ్డాక ఒకసారి, ఆసుపత్రి బయట నాలుగైదు గంటలు ఆగాక ఇంకోసారి. సరిగ్గా ఆ రెండు చోట్లే మొండికేసేది. సంతకెళ్లి పదినిమిషాల్లో తిరిగొస్తే ఏ గొడవా లేదు.

మొదటిరోజు ఏం చెప్పాడు

వినాయక చవితి వెళ్లిన వారం. బండి నడుపుకుంటూనే వచ్చాడు. దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"ఈ బండి నా పేనం తీసేస్తంది మేస్త్రీ. తెల్లారిగట్ల నాన్నని ఎక్కించి తాళం తిప్పితే గుర్ర్... గుర్ర్... అని రెండు తిరుగుళ్లు తిరిగి ఆగిపోతంది. కొత్త బాట్రీ ఏసినాం, సెల్ఫ్ ఇప్పించి కట్టించినాం, మళ్లీ అదే కత. లోపల లైటు మట్టుకు బాగానే ఎలుగుతంది."

ఆ ఆఖరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. నేను వినలేదు. ఎందుకుందో తర్వాత చెప్తాను.

రెండో ఫిర్యాదు చప్పుడు. పొద్దున్న మొదటిసారి ఇంజిన్ అందుకోగానే గలగలమని మూడు నాలుగు సెకన్లు. గొలుసుని రేకు మీద ఈడ్చినట్టు ఉంటుందన్నాడు. తర్వాత రోజంతా నిశ్శబ్దం. ఒక చోట టైమింగ్ చైన్ పోయింది, సెట్టు మొత్తం మార్చాలి, 18,000 అవుతుంది అన్నారట. డయాలసిస్ తిరుగుళ్లలో ఉన్నవాడికి ఆ డబ్బు ఎక్కడిది, అందుకే ఆగాడు.

మూడోది బండి ఎక్కి కూర్చున్నాక, వెళ్లిపోతూ అన్నాడు. "క్లచ్చు కూడా మళ్లీ గట్టిబడిపోనాది మేస్త్రీ." దాన్ని నేను కాయితం మీద రాసుకోనేలేదు. 'మళ్లీ' అన్నాడు కదా, మళ్లీ అంటే ఏమిటి అని అడగాలని కూడా తోచలేదు.

అప్పటికే జరిగినవి

బాటరీ మార్చాక ఇరవై రోజులు బండి బంగారంలా ఉందట. తర్వాత పాత కథే. అప్పుడు ఇంకో షెడ్డులో సెల్ఫ్ మోటారు దింపి కార్బన్లు, బుష్‌లు మార్చారు. అది రెండు వారాలు నడిచింది. ఈ రెండూ తప్పుడు పనులని నేను అనను. నెమ్మదిగా తిరిగే సెల్ఫ్‌ని చూసి మొదట బాటరీ మీద, తర్వాత మోటారు మీద అనుమానపడటం ఎవరైనా చేసేదే. చిక్కేమిటంటే రెండుసార్లూ కొన్నాళ్లు పనిచేసింది. ఏమీ మారకపోతే ఆ దారి తప్పని అప్పుడే తెలిసేది. కొన్నాళ్లు నయమై మళ్లీ తిరగబెట్టడంతో 'కొత్త బాటరీ కూడా పాడు సరుకే, కట్టిన సెల్ఫ్ కూడా సరిగ్గా కట్టలేదు' అనే మాట మొదలైంది.

నేను చేసిన పొరపాటు

మీటరు పెట్టాను. బాటరీ 12.5 ఓల్టులు. నిండు బాటరీ నిలకడగా 12.6 చూపిస్తుంది, కాబట్టి ఢోకా లేదు. టెర్మినళ్ల మీద తెల్ల బూజు ఉంటే వేడినీళ్లు పోసి కడిగి, రుద్ది బిగించాను. సెల్ఫ్‌కి వెళ్లే ప్రధాన వైరు నట్టు ఒక చుట్టు బిగిసింది. ఎర్త్ కూడా, అంటే కరెంటు ఇంజిన్ నుంచి బాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి, చూశాను, చూడలేదని కాదు. మీటరుని బజర్‌లో పెట్టి ఒక ముల్లు బాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ మీద ఆనిస్తే కీమని మోగింది. ఓమ్స్‌లో పెడితే 0.3. ఎర్త్ బాగుందని రాసుకున్నాను. అయిదుసార్లు సెల్ఫ్ కొట్టించాను, అయిదుసార్లూ చటుక్కున అందుకుంది. 200 రూపాయలు తీసుకుని పంపేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ అయిదుసార్లకీ విలువ లేదు. బండి అప్పుడే హైవే మీద యాభై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చింది. బాటరీ నిండుగా ఉంది, ఇంజిన్ వేడిగా ఉంది, లోపల ఆయిలు పల్చగా ఉంది. ఆ స్థితిలో ఇంజిన్ తిప్పడానికి సెల్ఫ్‌కి సగం బలం చాలు. జ్వరం తెల్లారిగట్ల వస్తుంది అని చెప్పిన రోగికి నేను మిట్టమధ్యాహ్నం ఒళ్లు ముట్టి చూసి జ్వరం లేదన్నట్టు అయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆసుపత్రి బయట నుంచి ఫోను. "తిరగట్లేదు మేస్త్రీ, నాన్న ఎండలో కూకున్నాడు." పక్కనున్న ఆటోవాళ్లు నలుగురు తోస్తే రెండో గేరులో పట్టిందట. అదీ ఒక ఆధారమే. తోస్తే వెంటనే పట్టిందంటే పెట్రోలు, కరెంటు ప్లగ్గులకి అందుతున్నాయి. గొడవంతా ఇంజిన్ని తిప్పడంలోనే ఉంది.

రెండోసారి: ముందు మాటలు, తర్వాత మీటరు

ఈసారి బండి రాత్రికి ఇక్కడ ఉండాలన్నాను. మర్నాడు డయాలసిస్ లేదు, ఎల్లుండి ఉంది. ఒక్క రాత్రి దొరికింది. టీ తెప్పించి కూర్చోబెట్టి, ఈ ఏడాది ఈ బండి మీద ఎవరు ఏ పని చేసినా, ఆఖరికి పంక్చరైనా సరే, వరసగా చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది. ఎండాకాలంలో క్లచ్ ప్లేటు మార్పించాడు. గేరుబాక్సు దింపారు. పనిలో పనిగా ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కూడా అక్కడే మార్చారు. ఆ తర్వాత మూడు వారాలకి మొదటిసారి సెల్ఫ్ నీరసించింది.

"ఇది మొన్న చెప్పలేదేం?"

"క్లచ్చుకీ సెల్ఫ్‌కీ ఏటి సంబంధం అనుకున్నాను మేస్త్రీ."

అతన్ని ఏమనగలను? అడగనిది నేను. పైగా మొదటిరోజు చెప్పినా నేనూ అదే అనుకునేవాణ్ణేమో.

తారీకులు కాయితం మీద పెట్టి చూస్తే ఒక సంగతి కనిపించింది. క్లచ్ పని తర్వాత మూడు వారాలు బాగుంది. బాటరీ తర్వాత ఇరవై రోజులు. సెల్ఫ్ తర్వాత రెండు వారాలు. సెల్ఫ్ కట్టిన రోజు రాత్రి బాటరీని చార్జింగ్‌కి పెట్టారా అని అడిగితే, పెట్టారన్నాడు. అంటే ప్రతిసారీ నిండు బాటరీతో మొదలై, రెండు మూడు వారాల్లో నీరసపడుతోంది. సెల్ఫ్ విప్పడం వల్ల నయమయిందో, ఆ రాత్రి చార్జింగ్ వల్ల నయమయిందో అప్పుడే అనుమానం వచ్చింది. బాటరీకి తిండి సరిగ్గా అందట్లేదు, అదే సమయంలో సెల్ఫ్‌కీ బలం అందట్లేదు. రెండిటికీ ఉమ్మడిగా ఉండే దారి ఏది? ఎర్త్. బాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటరు ఒళ్లూ, సెల్ఫ్ ఒళ్లూ ఇంజిన్‌కే బిగించి ఉంటాయి. రెండిటి కరెంటూ తిరిగి బాటరీకి చేరేది ఇంజిన్ ఎర్త్ మీదుగానే.

కానీ ఎర్త్ బాగుందని మొన్న నా మీటరే చెప్పింది. ఆ మాట నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది.

లెక్క ఇలా వేశాను. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది. దారిలో రెండు ఓల్టులు పోవాలంటే ఎంత అడ్డు ఉండాలి? 0.02 ఓమ్ చాలు. నా మీటరు వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది. రెండు ముళ్లూ ఒకదానికొకటి ఆనించినా అంతే చూపిస్తుంది. తూకం రాళ్ల కాటాతో బంగారం తూచినట్టు, ఆ మీటరుతో ఓమ్స్‌లో ఈ జబ్బు కనపడటం అసాధ్యం. బజర్ అయితే ఇంకా దారుణం. నూరు పోగుల తీగలో తొంభై తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా అది మోగుతుంది. ఆ ఒక్క పోగు మీటరుకి సరిపోతుంది, సెల్ఫ్‌కి సరిపోదు. కాబట్టి ఎర్త్ చూడాలంటే దాని మీద బరువు పడుతున్నప్పుడే చూడాలి. సెల్ఫ్ తిరుగుతుండగా ఓల్టులు ఎక్కడ జారిపోతున్నాయో వెతకాలి.

తెల్లవారుజామున ఐదింటికి

బండి రాత్రంతా కదల్లేదు. నేనూ నా షెడ్డు కుర్రోడూ ఐదింటికే లేచాం. ఇంజిన్ అందుకుంటే కొలవడానికి టైము ఉండదు కాబట్టి పెట్రోల్ పంపు రిలే పీకేశాను. అప్పుడు సెల్ఫ్ అయిదారు సెకన్లు తిరిగినా ఇంజిన్ పట్టదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకసారి కొట్టాక నిమిషం ఆగి ఇంకోసారి.

కుర్రోడు తాళం తిప్పాడు. గుర్ర్... గుర్ర్... సరిగ్గా అతను చెప్పినట్టే. నేను బాటరీ రెండు టెర్మినళ్ల మధ్య చూశాను. 11.1 ఓల్టులు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బాటరీ నీరసమైనదైతే, లేదా మోటారు లోపల పట్టేసుంటే, సెల్ఫ్ కొట్టగానే ఇది 9.6 కంటే కిందికి పడిపోవాలి. 11.1 దగ్గర నిలబడిందంటే బాటరీ అసలు కష్టపడట్లేదు. సెల్ఫేమో ప్రాణం పోతున్నట్టు తిరుగుతోంది. బలం ఉన్నవాడు ఖాళీగా ఉన్నాడు, పని చేసేవాడికి అన్నం లేదు. మధ్యలో ఎవరో తినేస్తున్నారు. లోపలి లైటు బాగానే వెలుగుతోందని అతను మొదటిరోజు అన్నది ఇదే. బాటరీ పోతే తాళం తిప్పగానే ఆ లైటు గుడ్డిదైపోతుంది. ఇంజిన్ ఎర్త్ పోతే లైటుకి ఏమీ కాదు, ఎందుకంటే దాని ఎర్త్ బాడీకి, ఇంజిన్‌కి కాదు. మీటరు లేని మనిషి కంటితో చేసిన పరీక్ష అది. నేను మీటరు చేతిలో పెట్టుకుని వినలేదు.

తర్వాత ఒక్కొక్క ముక్కా. బాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ బోల్టు దాకా పోయేది 0.2. బాగుంది, 0.5 దాటితేనే దిగులు. బాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ ఒంటికి చూస్తే 2.4. సెల్ఫ్‌కి నిజంగా అందుతున్నది 8.5. మూడూ కలిపితే 11.1, లెక్క తప్పలేదు. ఇక ఆ 2.4 ఎక్కడ? ఈ బండిలో నెగటివ్ వైరు ముందు బాడీకి వెళ్తుంది, బాడీ నుంచి వేరే అల్లిక పట్టీ గేరుబాక్సుకి వస్తుంది. బాటరీ నుంచి బాడీకి 0.1. బాడీ నుంచి గేరుబాక్సుకి 2.3.

ఆ ఆఖరి కొలతకి కొంచెం ఎక్కువసేపు తిప్పమన్నాను. అప్పుడే నా ముక్కుకి ప్లాస్టిక్ మాడిన వాసన తగిలింది. వైర్లు ఏవైనా అంటుకుంటున్నాయేమోనని చేత్తో తడుముతూ పోతే క్లచ్ కేబుల్ చుర్రుమంది. గేరుబాక్సు మీద అది బిగించిన చోట, పైన నల్ల తొడుగు మెత్తబడి వేలి గుర్తు పడింది.

క్లచ్చు మళ్లీ ఎందుకు గట్టిపడిందో అప్పుడు అర్థమైంది. కరెంటుకి పెద్ద రోడ్డు మూసేస్తే సందుల్లోంచి పోతుంది. గేరుబాక్సు నుంచి బాడీకి ఎర్త్ పట్టీ సరిగ్గా లేకపోతే, ఇంజిన్‌నీ బాడీనీ కలిపే ఇంకో ఇనప తీగ ఏది ఉంటే దాని మీదుగా. ఈ బండిలో అది క్లచ్ కేబుల్. ఆ తీగ లాగడానికి చేసింది, కరెంటు మోయడానికి కాదు. ప్రతి పొద్దున్నా సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం కొద్దికొద్దిగా కరిగి తీగకి అంటుకుంది. క్లచ్ ప్లేటు మార్చినప్పుడు మెత్తగా ఉన్న పెడలు మూడు నెలల్లో బిగిసింది. మొదటిరోజు నేను రాసుకోని ఫిర్యాదు ఇదే.

విప్పకముందు ఆఖరి పరీక్ష ఒకటి. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బాటరీ నెగటివ్‌కి, రెండో కొస నేరుగా గేరుబాక్సు లోహానికి కరిపించాను. "ఇప్పుడు కొట్టరా." సెల్ఫ్ గిర్రున తిరిగింది. కుర్రోడు భయపడి తాళం వదిలేశాడు.

విప్పితే కనిపించింది

బాటరీ, దాని కింది పళ్లెం తీస్తేగాని ఆ బోల్టు కనపడదు. గేరుబాక్సు తిరిగి ఎక్కించినప్పుడు పట్టీ కొసని ఒట్టి లోహం మీద కాకుండా, రంగు వేసిన ఒక రేకు బ్రాకెట్ పైన పెట్టి బిగించారు. రంగు కరెంటుని రానివ్వదు. 100 ఆంపియర్లూ బోల్టు మరల మీదుగా పోవాలి, ఆ మరలు తుప్పు. బోల్టు తల కింద నల్లగా మాడిన గుర్తు. అల్లిక పట్టీ మడిచి చూస్తే లోపలి పోగులు పచ్చటి చిలుము పట్టి పొడిపొడిగా రాలాయి. చిలుము సముద్రం పుణ్యం, బ్రాకెట్ మనుషుల పుణ్యం. ఆ పని చేసినవాణ్ణి నేను తిట్టను. గేరుబాక్సు ఎక్కించేటప్పుడు మోకాళ్ల మీద ఉంటాం, పైన ఏ ముక్క కింద ఏది పోయిందో కనపడదు. నేనూ ఇలా ఎన్ని పెట్టి ఉంటానో.

పాత పట్టీ తీసేసి కొంచెం లావుపాటిది వేశాను. బాడీ వైపూ గేరుబాక్సు వైపూ లోహం మెరిసేదాకా తీగబ్రష్షు, ఉప్పుకాగితం. పళ్ల వాషరు, కొత్త బోల్టు. బిగించాకే పైన వాజిలిన్ పూశాను. ముందే రెండు లోహాల మధ్య మెత్తితే లాభం లేదు, అది ఉప్పుగాలి తగలకుండా పైపూత మాత్రమే. బాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కి ఇంకో వైరు అదనంగా లాగాను. తీరం బండ్లకి ఇది అతి జాగ్రత్త అనుకోను. క్లచ్ కేబుల్ కొత్తది.

మళ్లీ కొలిస్తే నెగటివ్ వైపు 0.15. సెల్ఫ్‌కి అందేది 10 దాటింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బాటరీ ఓల్టేజి మాత్రం ముందుకంటే తగ్గింది, 11.1 నుంచి 10.4కి. కుర్రోడు "పాడైపోనాదా మేస్త్రీ" అన్నాడు. లేదు, ఇప్పుడే బాటరీ నిజంగా పని చేస్తోంది.

ఏసీ, లైట్లు వేసి ఇంజిన్ నడుపుతూ చార్జింగ్ కొలిచాను. పొద్దున్న, పాత పట్టీతో చూసినప్పుడు ఆల్టర్నేటరు దగ్గర 14.3, బాటరీ దగ్గర 13.6 ఉండేది. ఇప్పుడు రెండు చోట్లా దాదాపు ఒకటే. ఆ 0.7 ఓల్టు తేడాయే కొత్త బాటరీని ఇరవై రోజుల్లో నీరసపరిచింది. బాటరీ మార్చినవాళ్లకి ఆ రోజు పాత బాటరీ నీరసంగానే కనపడి ఉంటుంది. వాళ్ల మీటరు అబద్ధం చెప్పలేదు.

చప్పుడు సంగతి

ఎర్త్ దొరికిన సంతోషంలో చప్పుడు కూడా దానివల్లే అని ఒప్పించుకోబోయాను. నెమ్మదిగా తిరగడం వల్ల ఆయిలు ఆలస్యంగా ఎక్కుతోంది, ఇప్పుడు వేగంగా తిరుగుతోంది కాబట్టి పోతుంది అని. మర్నాటి పొద్దున్న బండి చటుక్కున స్టార్ట్ అయింది, గలగల కూడా చటుక్కున వచ్చింది. ఒకే నెలలో మొదలైన రెండు జబ్బులకి ఒకే మందు ఉండాలని లేదు.

చప్పుడు విషయంలో నేను మొదట అడిగేది ఎప్పుడు, ఎంతసేపు అని. ఎక్కడ్నుంచి అన్నది తర్వాత. ఇంజిన్ చప్పుడు చోటు మార్చి మోసం చేస్తుంది, టైము విషయంలో అంత మోసం చేయదు. పిస్టన్ వదులైతే చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కే దాకా, నిమిషాల తరబడి ఉంటుంది. బేరింగు పోతే లోతుగా డబడబమని, బండి మీద బరువు పడ్డప్పుడు పెరుగుతుంది. వేడి తగలకుండా పెట్టే రేకు వదులైతే ఒక వేగంలోనే జుంయ్‌మంటుంది. ఇది మూడు నాలుగు సెకన్లే, అదీ రాత్రి నిలబడ్డాకే. డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరడం, చప్పుడు ఆగడం ఒకేసారి.

సెల్ఫ్ ఈమధ్యే విప్పారు కాబట్టి దాని పళ్లు వెనక్కి రావట్లేదేమోనన్న అనుమానం తీర్చుకోవాలి. దానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. స్టార్ట్ చేసి, చప్పుడు ఆగాక ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయడం. సెల్ఫ్ తప్పయితే ప్రతిసారీ రావాలి. రెండోసారి కిక్కురుమనలేదు. చైనే బాగా సాగిపోయి ఉంటే వేడి మీద యాక్సిలరేటరు తట్టి వదిలినప్పుడు కూడా గలగలమనాలి, చాలాసార్లు స్కానరులో తప్పు చూపే కోడు కూడా పడుతుంది. చైన్ కవరు మీద పొడుగు స్క్రూడ్రైవరు ఆనించి పిడి చెవికి పెట్టుకుని విన్నాను. వేడి మీద నున్నగా ఉంది. స్కానరులో కోడు లేదు. అంటే చైన్‌ని బిగించి ఉంచే టెన్షనరుకి పొద్దున్న మొదటి మూడు సెకన్లు ఆయిలు అందట్లేదు. రాత్రి ఆయిలంతా కిందికి జారిపోతోంది.

జారకుండా ఆపేది ఆయిల్ ఫిల్టరులో ఉండే రబ్బరు పొర. ఈ ఇంజిన్లో ఫిల్టరు అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ పొర పాడైతే ఫిల్టరు ఖాళీ అవుతుంది. ఇంకో రాత్రి బండి ఉంచుకోవడానికి వీల్లేదు, అందుకని ఆ వారంలోనే ఒక పొద్దున్న అతని ఇంటికే వెళ్లాను. ఇంజిన్ కదిలించకుండా ఫిల్టరు విప్పితే గుప్పెడు ఆయిలు కారాలి. కారింది రెండు చెంచాలు. పేరు ఊరు లేని చవక ఫిల్టరు. లోపలి పొరని వేలితో నొక్కితే వంగలేదు, ఎండిన కొబ్బరి మట్టలా అంచు పైకి లేచిపోయి ఉంది. పక్కన కొత్త ఫిల్టరు పెట్టి అతని వేలే పట్టుకుని రెండూ నొక్కించాను. మెత్తగా ఉన్నదేదో గట్టిగా ఉన్నదేదో చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయిలు కూడా 20డబ్ల్యు50 పోశారు. మాన్యువల్లో ఉన్నది 5డబ్ల్యు30. చిక్కటి ఆయిలు పైకి ఎక్కడానికీ టైము పడుతుంది, చల్లటి ఇంజిన్ని తిప్పడానికి సెల్ఫ్‌కీ ఇంకాస్త బరువు. అసలే అన్నం లేని సెల్ఫ్‌కి అదొకటి.

కొత్త ఫిల్టరు, సరైన ఆయిలు వేశాక చప్పుడు మూడు నాలుగు సెకన్ల నుంచి అర సెకనుకి తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. మూడు నెలలు పొడి మీద తిరిగిన చైన్ కొంత అరిగే ఉంటుంది. వేడి మీద కూడా గలగల వినిపించిన రోజు 18,000 సిద్ధం చేసుకోమని చెప్పాను, అంతవరకు చైన్ ముట్టొద్దన్నాను.

ఖర్చు, నా షెడ్డులో మారినవి

ఎర్త్ పట్టీకీ వైరుకీ కలిపి 400 లోపే. కేబుల్, ఫిల్టరు, ఆయిలు మామూలు ధరలే. మొదటిరోజు తీసుకున్న 200 తిరిగి ఇస్తే తీసుకోలేదు, బిల్లులో తగ్గించాను.

అప్పట్నుంచి నా దగ్గర జాబు కాయితంలో ఫిర్యాదు కంటే ముందు గడి ఒకటి ఉంది. 'ఆఖరుసారి ఈ బండి మీద ఏ పని జరిగింది, ఎక్కడెక్కడ విప్పారు.' సంబంధం ఉందా లేదా అన్నది బండి యజమాని తేల్చక్కర్లేదు. నెగటివ్ వైపు ఓల్టులు సెల్ఫ్ తిరుగుతుండగా కొలవకుండా ఏ సెల్ఫూ విప్పకూడదని కుర్రోళ్లకి చెప్పాను. వాళ్లు వింటున్నారో లేదో గానీ జంపర్ కేబుల్ పరీక్ష మాత్రం ఇష్టంగా చేస్తున్నారు. దూరప్రయాణాలు చేసేవాళ్లు ఆ కేబుల్ డిక్కీలో ఉంచుకుంటే మంచిది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ లోపలి లైటు మాత్రం బాగా వెలుగుతుంటే, బాటరీ కొనకముందు నెగటివ్ నుంచి ఇంజిన్ ఒట్టి లోహానికి ఒకసారి కరిపించి చూడండి. ఫ్యాను, బెల్టులకి దూరంగా.

మూడు వారాలయ్యాక, అంటే పాత లెక్క ప్రకారం మళ్లీ నీరసించాల్సిన టైముకి, డయాలసిస్ నుంచి తిరిగొస్తూ బండి తీసుకురమ్మన్నాను. పెద్దాయన ముందు సీట్లో ఉన్నాడు, చేతికి దూది పట్టీ. నెగటివ్ వైపు కొలిస్తే అదే 0.15. బాటరీ 12.6. బానెట్ దించి బాగుంది తాతా అన్నాను.

"ఏటి బాగు మేస్త్రీ," అన్నాడు. "తెల్లారి బండి గుర్ర్ అంటే ఈయాలకి సూదులు తప్పినాయిలే అనుకునీవోణ్ణి. ఆ ఆశ కూడా తీసీసినావు."

కొడుకు నవ్వుతూ తాళం తిప్పాడు.